నిలిచిన తాళము - నడచు పదము

(ఒగ్గుకథ, ద్విపద, ర్యాప్ పాటలలో మాట నడకను గూర్చిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవ వేళ ర్యాప్ పాటను గూర్చి ఉపన్యాసమేమి యని కొందఱికి వింతగా తోచవచ్చును. పాల్కురికి సోమన బసవపురాణమునో, బమ్మెర పోతన భాగవతమునో ముచ్చటింపవలసిన చోట, చెవులలో తీగెలు పెట్టుకొని కుఱ్ఱవాండ్రు వినెడి ఆ గలగలకు తావెక్కడిదని పెద్దలు అడుగుచున్నారు. అది పాటయు కాదు, పద్యమును కాదు, ఊపిరాడని వాగుడని వారి తీర్పు. కుఱ్ఱవాండ్ర తీర్పు మఱొక విధముగా నున్నది. ఒగ్గుకథ నిదానపు కాలపు వ్యవహారమనియు, ఒక మాట చెప్పుటకు ఒక జాము పట్టుననియు, తమ పాటలోని వేగము దానికి లేదనియు వారనుచున్నారు. పెద్దలు వేగమును చూచి నిందించుచున్నారు. పిన్నలు వేగమును చూచి మెచ్చుచున్నారు. ఇరువురి దృష్టియు వేగము మీదనే నిలిచినది. దాని వెనుక నున్న మాట నడకను ఇరువురును గమనించుట లేదు. ఆ నడకయే ఈ ఉపన్యాసమునకు విషయము.

ముందుగా ర్యాప్ అనగానేమో తెలిసికొనుట మంచిది. అమెరికా దేశపు న్యూయార్కు నగరమున బ్రాంక్స్ అను పేట కలదు. నల్లజాతివారును, కరిబియను దీవులనుండి వలసవచ్చినవారును అధికముగా నివసించిన బీద పేట అది. 1973 ఆగస్టు 11వ తేదీన అచ్చట జరిగిన యొక వేడుకను ఈ కళకు పుట్టినదినముగా లెక్కించుచున్నారు. ఆ వేడుకలో రికార్డులు వేసినవాడు జమైకా దీవినుండి వచ్చిన కూల్ హెర్క్ అను యువకుడు. పాటలో గాత్రము ఆగి వాద్యపు దెబ్బ మాత్రమే మిగులు చోటు జనులను ఎక్కువగా ఆడించుచున్నదని అతడు కనిపెట్టెను. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు యంత్రములపై మార్చి మార్చి త్రిప్పి, ఆ దెబ్బను కావలసినంతసేపు సాగదీయు ఉపాయమును అతడు సాధించెను. అట్లు సాగిన దెబ్బపై ప్రాసలతో మాటలు పలికినవారే తొలి ర్యాపర్లు. అందు రాగము పేరునకు మాత్రమే. బలమంతయు మాటది, దెబ్బది. తెలుగువారికి ఆ పేరును ఇంటింటికి పరిచయము చేసినది 1994లో వచ్చిన 'ప్రేమికుడు' చిత్రములోని పేటరాప్. పిదప హైదరాబాదునుండి రోల్ రైడా వంటివారు తెలుగు మాటను ఈ బాణీలో పలికించి పేరు తెచ్చుకొనిరి.

ఇక ఈ కళలోని మర్మమును గ్రహించుటకు మూడు సంగతులను వేఱుచేసి చూడవలెను. మొదటిది వేగము, అనగా నిమిషమునకు ఎన్ని దెబ్బలు పడుచున్నవను లెక్క. రెండవది తాళము, అనగా ఆ దెబ్బలు ఎన్నేసి కూడి యొక ఆవృత్తమగుచున్నవను లెక్క. మూడవది నడక, అనగా ఆ దెబ్బల నడుమ మాట ఎట్లు అడుగు వేయుచున్నదను సంగతి. ర్యాపర్లు ఈ మూడవదానినే ఫ్లో అందురు.

వ్యవసాయదారులకు ఇది తెలియని విషయము కాదు. ఎకరము భూమికి 40 గుంటలు. సాళ్లు దగ్గఱగా వేసినను, ఎడముగా వేసినను ఆ 40 గుంటలు 41 కావు. పత్తికి సాళ్ల ఎడము ఎక్కువ, జొన్నకు తక్కువ; పొలము మాత్రము అదియే. తాళము పొలము వంటిది; అక్షరములు సాళ్ల వంటివి. నిమిషమునకు 90 దెబ్బలు పడుచున్న వాద్యమును ఊహింపుడు. పలుకువాడు దెబ్బకు రెండక్షరములు పలికినచో నిమిషమునకు 180 అక్షరములు. మూడు పలికినచో 270. నాలుగు పలికినచో 360. వినువారికి పాట రెండింతలు పరుగెత్తినట్లు తోచును. కాని వాద్యము ఒక్క దెబ్బయు ఎక్కువ వేయలేదు. హద్దురాళ్లు కదలలేదు, సాళ్లు మాత్రమే దగ్గఱయైనవి.

ర్యాప్ పాటలో సాధారణముగా ఆ వేగము పాట పొడుగునను మాఱదు. యంత్రము వేయు దెబ్బ మొదటినుండి తుదివఱకు ఒక్కతీరుగ నుండును. కావున చేయవలసిన మార్పంతయు మాటలోనే చేయవలెను. అందుకు వారు పట్టుకొన్న ఉపాయములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది, దెబ్బకు పడు అక్షరముల సంఖ్యను మార్చుట. దెబ్బకు రెండు, నాలుగు చొప్పున పలుకుచున్నవాడు హఠాత్తుగా మూడు చొప్పున పలికినచో, చదునైన బాటపై పోవు బండి గుఱ్ఱపు దౌడు పట్టినట్లుండును. అమెరికాలోని మెంఫిస్ నగరపు ర్యాపర్లు 1990ల దశకములోనే ఈ ముమ్మూడు నడకను ప్రయోగించిరి. 2013లో మీగోస్ అను బృందము పాడిన పాటతో అది దేశమంతట వ్యాపించెను.

రెండవది, పాదము తుదిని దాటిపోవుట. తొలినాళ్ల ర్యాపర్లు ఆవృత్తము ముగియుచోటనే వాక్యమును ముగించి, అచ్చటనే ప్రాసను ఉంచుచుండిరి. 1987లో ర్యాకిమ్ అను గాయకుడు ఎరిక్ బి.తో కలసి వెలువరించిన సంపుటములో వాక్యము ఆవృత్తపు గట్టును దాటి రెండవదానిలో ముగియుటయు, ప్రాస పాదము నడుమ కూడ పలుకుటయు జనులు ప్రత్యేకముగా గుర్తించిరి. తెలుగు పద్యము చదివినవారికి ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు. సంస్కృతమున యతి యనగా విరామము. తెలుగున యతి యనగా అక్షరమైత్రి. కావుననే తెలుగు కవి మాటను పాదము తుదిని త్రుంపనవసరము లేక, ఒక పాదమునుండి మఱొక పాదమునకు చక్కగా దాటించుచున్నాడు.

మూడవది, దెబ్బకు ముందుగనో వెనుకగనో మాటను దింపుట. దెబ్బపై సరిగా పడిన మాట ఆజ్ఞ వలె నుండును. కొంచెము వెనుకబడినది సోమరితనమునో, నిర్లక్ష్యమునో, దుఃఖమునో తెలుపును. ముందు పడినది ఆతురతను తెలుపును.

నాలుగవది, మౌనము. పలుకుచున్నవాడు ఆగినచో దెబ్బ యొక్కటియే వినబడును. ఆ ఖాళీలో ముందు పలికిన మాటకు బలము చేకూరును. రాబోవు మాటకు చెవి సిద్ధమగును. ఊపిరి తీసికొనుటకు చోటు కూడ అదియే. ఎచ్చట ఊపిరి తీయవలెనో ముందుగ నిర్ణయించుకొనని వాడు ఎంత నేర్పరియైనను నడుమ కూలబడును.

వేగము విషయమున ఎమినెమ్ అను ర్యాపరు పేరు లోకప్రసిద్ధము. 2013లో వచ్చిన అతని 'ర్యాప్ గాడ్' అను పాటలో 6 నిమిషముల 4 సెకండ్లలో 1,560 మాటలు కలవని గిన్నిసు గ్రంథమున కెక్కినది. సగటున సెకండునకు నాలుగు మాటలకు పైన. ఆ పాటలోనే 15 సెకండ్ల యొక భాగమున 97 మాటలు కలవు. అనగా సెకండునకు ఆఱింటికి పైన. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక సత్యము తేటపడును. జనులు నోరు తెఱచి వినునది ఆ 15 సెకండ్ల భాగమును. దానికి ముందు మాట అంతకంటె నెమ్మదిగా నడచినందుననే ఆ భాగము పరుగుగా తోచినది. పాటయంతయు ఒకే పరుగైనచో అది వేగమని చెప్పుటకు కొలత యుండదు. చదునైన నేలపై నిలిచిన వానికి గుట్ట యెత్తు తెలియును. గుట్టపైననే పుట్టి పెరిగినవానికి అది నేలయే.

ఇప్పుడు దృష్టిని ఇంటివైపు మరల్చుదము. 2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లానుండి వేఱుపడి ఏర్పడిన జనగామ జిల్లాలో, ఈ లింగాల ఘనపూర్ మండలముననే మాణిక్యపురము కలదు. ఒగ్గుకథకు దేశమంతట కీర్తి తెచ్చిన చుక్క సత్తయ్యగారి ఊరది. ఊరి గద్దెలనుండి నగరపు రంగస్థలములవఱకు వేలకొలది కథలు చెప్పి, కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము నందుకొని, తెలుగు విశ్వవిద్యాలయమున శిష్యులకు నేర్పి, 2017 నవంబరులో ఎనుబదియేండ్లు దాటిన వయస్సున ఆయన కన్నుమూసిరి. ర్యాప్ నడకలను గూర్చి లోకము విడ్డూరముగా చెప్పుకొనుచున్న సంగతులు, మన మండలపు నేలమీద ఏ పేరును లేకుండగనే ఎన్నో తరములు నడచినవి.

ఒగ్గు అనగా శివుని డమరుకమును పోలిన చిన్న వాద్యము. దానిని మ్రోగించుచు మల్లన్న కథను, బీరప్ప కథను, ఎల్లమ్మ కథను చెప్పుట ఒగ్గుపూజారుల వృత్తి. కొమురవెల్లి మల్లన్న సన్నిధిని పట్నము వేయునపుడును, కురుమ గొల్లల ఇండ్ల పండుగలందును ఈ కథ వినబడును. ప్రధాన కథకుని వెంట డోలు వాయించువారును, తాళములు పట్టువారును, మాటకు మాట అందించు వంతవాడును ఉందురు. కథకుడు ఒకమాఱు వచనము చెప్పును, ఒకమాఱు పాడును, ఒకమాఱు పాటకును మాటకును నడుమనుండు పలుకుబడిలో సాగును. ఆ నడిమి పలుకుబడియే ర్యాప్‌కు మిక్కిలి దగ్గఱ చుట్టము.

కథకుడు నడకను ఎట్లు మార్చునో పరిశీలింపుడు. ఊరు పేరు, వంశము, పెండ్లి మాటలు చెప్పునపుడు రచ్చకట్టపై మాటలాడినట్లు నిదానముగ చెప్పును; డోలు మెత్తగ పలుకును. బలిజ మేడలమ్మ దుఃఖము వచ్చినప్పుడు అచ్చులను సాగదీసి, ఒక్క మాటను నాలుగు దెబ్బలపై పఱచును. గొల్ల కేతమ్మతో సరసము వచ్చినప్పుడు మాట దెబ్బకు అందక ప్రక్కకు జాఱును, వంతవాడు దానిని పట్టుకొని ఎదురు మాట వేయును, డోలు ఆగును, జనము నవ్వును. వేట వచ్చినను, యుద్ధము వచ్చినను మాటలు కుఱచవగును, అక్షరములు చిక్కనగును, డోలు వడి పెంచును, తాళములు గణగణలాడును. కట్టకడపట పూనకమువలె దెబ్బ యుప్పొంగి హఠాత్తుగా ఆగును. ఆ నిశ్శబ్దములో కథకుడు మెల్లగా ఒక్క మాట చెప్పును. ఆ మాట జనుల గుండెలో దిగును.

ఈ మార్పులలో ఒక్కటియు నేర్పు చూపుటకై పుట్టినది కాదు. దుఃఖము పరుగెత్తలేదు, కావున మాట నిలిచినది. వేట నిలువలేదు, కావున మాట పరుగెత్తినది. నడకను నిర్ణయించునది అర్థము. ఇదియే ఈ ఉపన్యాసమున ముఖ్యముగా చెప్పదలచిన మాట. అర్థమును విడిచిన వేగము గింజ లేని కంకి వంటిది; గాలికి గలగలలాడును, గరిసెకు ఎక్కదు.

ఈ నడకలకు శాస్త్రము లేదా యని విద్యార్థులు అడుగవచ్చును. కలదు. దాని మూలములు మన పాలకుర్తిలోను, బమ్మెరలోను దొరకును.

పాల్కురికి సోమనాథుడు సంస్కృత వృత్తములను ప్రక్కకు నెట్టి, బసవపురాణమును ద్విపదలో వ్రాసెను. సామాన్యులు పాడుకొనుటకు అనువైన ఛందస్సని ఆయన దానిని ఎన్నుకొనెను. ద్విపద పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. ఇంద్రగణములు ఆఱు: నల, నగ, సల, భ, ర, త. అందు నల, భ గణములకు నాలుగేసి మాత్రలు, తక్కిన వానికి ఐదేసి. సూర్యగణములు న, హ అని రెండు, మూడేసి మాత్రలు. కావున ద్విపద పాదము 15 మాత్రలకు తగ్గదు, 18 మాత్రలకు మించదు. గట్లు ఇంత దగ్గఱగా నున్నవి. కాని ఆ గట్ల నడుమ స్వేచ్ఛ ఎంతయో లెక్కింపుడు. మొదటి గణమునకు ఆఱు దారులు, రెండవదానికి ఆఱు, మూడవదానికి ఆఱు, కడపటిదానికి రెండు. గుణించిన 432. ఒక్క పాదమునకు 432 నడకలు! అదే 15 మాత్రల పాదములో అన్నియు లఘువులైనచో 15 అక్షరములు పట్టును. భ గణములు మూడును హ గణమును వేసినచో 11 అక్షరములతో నిండును. కొలత ఒక్కటే, ఒకటి చినుకు పడినట్లు గబగబ పోవును, మఱొకటి ఎద్దు అడుగు వేసినట్లు సాగును. కొఱతపడిన మాత్రను పాడువారు గొంతు సాగదీసి పూరించుకొందురు. గట్టు కదలకుండ నీటి నడకను మార్చు విద్య ఇదియే.

రగడ ఛందస్సు ర్యాప్‌కు ఇంకను దగ్గఱ. సోమనాథుడు బసవరగడ, సద్గురురగడ, గంగోత్పత్తి రగడ రచించెను. ర్యాప్ పాటలో ప్రాస పాదము తుదిని మ్రోగుట ఆచారము. తెలుగు పద్యములో ప్రాస పాదము మొదట రెండవ అక్షరమున నుండును. రగడలో మొదటను ప్రాస యుండును, తుదిని అంత్యప్రాసయు నుండును. ఇక రగడల పేరులను వినుడు. తురగవల్గనమున మూడేసి మాత్రల గణములు ఎనిమిది. అది గుఱ్ఱపు దౌడు. హరిగతిలో నాలుగేసి మాత్రలవి ఎనిమిది. ద్విరదగతిలో ఐదేసి మాత్రలవి నాలుగు. అది ఏనుగు నడక. వృషభగతిలో మూడును నాలుగును కలసిన ఏడేసి మాత్రలవి నాలుగు. అది ఆబోతు నడక. నడకకు జంతువుల పేరు పెట్టినవారు వేగమును మాత్రమే కొలువలేదు. గుఱ్ఱముకంటె ఏనుగు తక్కువయని ఏ లాక్షణికుడును వ్రాయలేదు. ఏ సందర్భమునకు ఏ వాహనమో ఎఱుగుటయే కవి పని. 2013లో లోకమును ఆకర్షించిన ముమ్మూడు నడకకు మన పెద్దలు ఎన్నడో గుఱ్ఱపు పేరు పెట్టి యుంచిరి. రగడ యనగా నేడు అల్లరి యనియు వాడుచున్నారు. ర్యాప్‌ను రగడ యని కసరు పెద్దలు ఆ మాటలో తమకు తెలియకుండగనే యొక సత్యము పలుకుచున్నారు.

ఊపిరాడని వాగుడు అను నింద కూడ కలదు గదా! దండకము అట్టిదే. పోతన పేర ప్రసిద్ధమైన భోగినీ దండకము బమ్మెరకు సంబంధించినది. దండకమునకు పాదవిభాగము లేదు. గురువు, గురువు, లఘువు గల త గణములు ఒకదాని వెంట నొకటి ఏఱు వలె సాగి, కడపట గురువుతో ఆగును. చదువువాడు ఊపిరి ఎచ్చట దొంగిలింపవలెనో ముందే చూచుకొనవలెను. ఆంజనేయ దండకమును గుక్క తిప్పుకొనక చదువు బాలుని మెచ్చుకొను ఊరు, అదే విద్యను ర్యాప్ పలుకు బాలునిలో గుర్తింపకుండుట న్యాయము కాదు.

సంగీతశాస్త్రము దీనిని మఱింత సూక్ష్మముగ చెప్పినది. 13వ శతాబ్దమున శార్‌ఙ్గదేవుడు వ్రాసిన సంగీతరత్నాకరమున ద్రుతము, మధ్యము, విలంబితము అని లయలు మూడు. ఆ లయలను వరుసపెట్టు పద్ధతికి యతి యని పేరు. ఇది పద్యములోని యతికంటె వేఱు. ఆద్యంతము ఒకే లయ యున్నచో సమయతి. నిదానముగ మొదలై, నడిమి లయకు వచ్చి, వేగముతో ముగిసినచో స్రోతోగతము. ఏటి ప్రవాహము వంటిది. వేగముతో మొదలై నిదానమున ముగిసినచో గోపుచ్ఛము, ఆవుతోక వంటిది. యంత్రపు దెబ్బపై సాగు ర్యాప్ పాటకు తాళమున సమయతి యొక్కటియే సాధ్యము. తక్కిన రెండు రూపములను మాట నడకతో కల్పించుకొనవలెను. ఒగ్గుకథకు ఆ నిర్బంధము లేదు. డోలు కొట్టువాడు మనుష్యుడు. కథకుని కన్ను చూచి వడి పెంచును, తగ్గించును. కావున ఒగ్గుకథకునికి తాళపు వేగమును మార్చు స్వాతంత్ర్యమును కలదు, ఆ తాళముపై మాట నడకను మార్చు స్వాతంత్ర్యమును కలదు. పేద వాద్యములతో సాధించిన ఈ రెండింతల సంపద మన కథకు సొంతము.

ఆ సంపద నేడు తఱుగుచున్నది. దీనిని దాచి ప్రయోజనము లేదు. రాత్రులు రాత్రులు సాగవలసిన కథకు సభలలో పావుగంట కేటాయించుచున్నారు. ఆ పావుగంటలో దుఃఖమునకు చోటులేదు, వంశవర్ణనకు చోటులేదు, వంతవాని హాస్యమునకు చోటులేదు. డోలు ఉప్పొంగు కడపటి ఘట్టము నొక్కదానినే ముక్కగా కోసి చూపవలసి వచ్చుచున్నది. ఊరేగింపులలో ఒగ్గుడోలు విన్యాసము కన్నుల పండుగగా నున్నది, అందుకు సంతోషింపవలసినదే. కాని డోలు మిగిలి కథ పోవుచున్నది. వేగము మిగిలి, ఆ వేగమునకు కారణమైన నిదానము పోవుచున్నది. కళలలో మొదట చచ్చునది నిదానపు నడక. అది చచ్చిన పిదప వేగము కూడ వట్టి చప్పుడగును. ఏలయన దానిని కొలుచు కొలబద్ద పోయినది.

ఇందు తప్పు కళాకారులది కాదు. అడిగినంత సేపు చెప్పుదురు. వినువారు లేనిచో ఆపుదురు. రాత్రంతయు కథ చెప్పించిన ఇంటివారికి బువ్వపెట్టి, కట్నమిచ్చి, కూర్చుండి విను ఓపిక యుండెను. ఆ ఓపిక తఱిగినది వినువారిలోనే.

కుఱ్ఱవాండ్రకు ఒక మాట. ర్యాప్ వినుడు, పలుకుడు, ఎవరును వారింపరాదు. కాని తెలుగు మాటను ఇంగ్లీషు మాట నడకలో ఈడ్చుకొనిపోవలదు. ఇంగ్లీషున కొన్ని అక్షరములపై ఊనిక పడును. దెబ్బ దానిపై కూర్చుండును. తెలుగున లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు; అది తూకపు భాష. గురువు పడవలసిన చోట లఘువును బలవంతముగ సాగదీసినచో మాట కుంటుపడి అర్థమే మాఱిపోవచ్చును. 'కల' సాగి 'కాల' అగును. 'పలు' సాగి 'పాలు' అగును. ద్విపదను నాలుగు దినములు గొంతెత్తి చదివినవానికి ఈ తూకము దానంతటదే పట్టుబడును. వేగముగ పలుకుట అభ్యాసముతో వచ్చును. ఎచ్చట ఆగవలెనో తెలియుటకు కథ వినవలెను.

పెద్దలకును ఒక మాట. ఆ పాటలలో బూతులు కలవు, బడాయి కలదు, డబ్బు గొప్పలు కలవు అని వారనునది అబద్ధము కాదు. చెడ్డ మాటను చెడ్డదనియే అనుడు. కాని విత్తనము చెడినదని నాగలిని పాఱవేయరు. బీద పేటలో వాద్యములు కొనలేనివారు, పాత రికార్డుల దెబ్బను పట్టుకొని తమ కష్టమును తాళముతో చెప్పుకొనుటకు నేర్చిన విద్య అది. గొఱ్ఱెల మందల వెంట తిరిగినవారు డోలు చప్పుడుతో తమ దేవుని కథను నిలుపుకొన్న విద్యకు అది దూరము కాదు. మనుమడు చెవిలో తీగెలు పెట్టుకొన్నప్పుడు ఒక దినము అడిగి వినుడు. దెబ్బకు ఎన్ని అక్షరములు పడుచున్నవో వ్రేళ్లపై లెక్కింపుడు. పిదప బసవపురాణములోని యొక ఘట్టమును అతనిచే చదివింపుడు. ఈ ఇచ్చిపుచ్చుకొనుటలో ఇరువురికిని లాభమే.

ఇక గ్రంథాలయము చేయదగిన పని. గ్రంథాలయము అక్షరమును కాపాడును. బసవపురాణము అచ్చైయున్నది, మల్లన్న కథను కూడ కాగితముపై పెట్టవచ్చును. కాని అచ్చులో నడక నిలువదు. మేడలమ్మ దుఃఖమున ఒక మాట ఎన్ని దెబ్బలపై పఱచుకొన్నదో పుస్తకము చెప్పజాలదు. డోలు ఎచ్చట ఆగెనో, ఆ నిశ్శబ్దము ఎంతసేపు ఉండెనో ఏ అక్షరమును వ్రాసి చూపదు. ఆ నడక నిలుచు చోటు కథకుని గొంతు ఒక్కటియే. ఆ గొంతు ఆగినచో పుస్తకమున్నను కథ మూగది.

కావున మూడు పనులు చేయవలసియున్నవి. మొదటిది, ఈ ప్రాంతమున కథ చెప్పు పెద్దలను పిలిపించి, వారి సమ్మతితో, వారికి తగిన సంభావన నిచ్చి, ఒక కథను మొదటినుండి మంగళమువఱకు ఏ భాగమును కోయక రికార్డు చేయించి గ్రంథాలయమున భద్రపఱచుట. నిదానపు భాగములను విసుగని తీసివేయరాదు. అసలు రికార్డు చేయవలసినది వానినే. రెండవది, ఆ కథను వ్రాతలో పెట్టినప్పుడు ప్రక్కన ఖాళీ వదలి, ఎచ్చట వచనము, ఎచ్చట పాట, ఎచ్చట డోలు ఆగినది, ఎచ్చట వడి పెరిగినది గుర్తించుట. లెక్కల పుస్తకమునకు ప్రక్క గడి యున్నట్లు కథకును ఒక గడి యుండవలెను. మూడవది, నెలకొక దినము గ్రంథాలయమున ద్విపదను బిగ్గఱగా చదువుట. ఆ దినమున ర్యాప్ పలుకు కుఱ్ఱవాండ్రను కూడ పిలిచి, బల్లపై దరువు వేయుమని వారికే అప్పగించుట. దరువు వారిది, పద్యము పెద్దలది. ఒక గంటలో ఎవరికి ఎవరు గురువో తెలియకుండ పోవును.

ఈ పనులకు పెద్ద ధనము అవసరము లేదు. చేతిలోని ఫోను చాలును; ఓపిక కావలెను. ఆ ఓపికయే నేటి కఱవు. గడచిన 25 ఏండ్లు గ్రంథాలయము కదలని అక్షరమును కాపాడినది. రాబోవు ఏండ్లలో నడచు మాటను కూడ తన కప్పు క్రిందకు పిలువవలెను. తాళము నిలుచును, పదము నడచును, వినువాడు కూర్చుండిననే కథ సాగును.

స్వస్తి.